ఇంగ్లండ్, స్కాట్లాండ్ రాజవంశాలు: కిరీటం ఆడపడుచుల వైపు నుంచి ఎలా చేతులు మారింది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మొదటి ఎలిజబెత్ రాణి పిల్లల్లేకుండా చనిపోతే, వందల ఏళ్లు ఇంగ్లండ్‌తో కొట్టుకున్న స్కాట్లాండ్ రాజు వచ్చి లండన్‌లో గద్దె ఎక్కడమేంటి? ఎవరు ఎవర్ని గెలిచారు? ట్యూడర్లు, స్టువర్ట్‌లు, హానోవర్లు ఒకరికొకరు ఏమవుతారు?

ఎవరూ ఎవర్నీ గెలవలేదు. 1603లో లండన్ వచ్చిన జేమ్స్, ఎలిజబెత్‌కి సొంత మేనత్త మునిమనవడు. చిత్రం ఏంటంటే, అటు తల్లి వైపు నుంచీ ఇటు తండ్రి వైపు నుంచీ కూడా అతను ఆ మేనత్తకే మునిమనవడు. అదెలాగో తర్వాత చెబుతాను.

పోటీ పరీక్షల పిల్లలకి యూరప్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ అయోమయం నాకు తరచూ ఎదురవుతుంది. పుస్తకాల్లో రాజుల జాబితా తండ్రి, కొడుకు, మనవడు అని సాగుతుంది. వంశం పేరు మారిన చోట ఒక గీత గీసేస్తారు. దాంతో పాతవాళ్లు పోయి ఎవరో కొత్తవాళ్లు ఊడిపడ్డారనిపిస్తుంది. ఆ గీత గీసిన చోట చూస్తే దాదాపు ప్రతిసారీ ఒక కూతురో, అక్కో, చెల్లెలో కనిపిస్తుంది. వంశం పేరు మొగుడిది, హక్కు ఆవిడది. ఇది పట్టుకుంటే తొమ్మిది వందల ఏళ్ల కథ సులువుగా అర్థమవుతుంది.

మొదటి ముడి 1066 తర్వాత పడింది. నార్మండీ నుంచి వచ్చిన విలియం హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండ్‌ని పట్టుకున్నాడు. పాత వెసెక్స్ రాజవంశంలో మిగిలిన మగపిల్లవాడు ఎడ్గర్ తన తోబుట్టువులతో స్కాట్లాండ్‌కి పారిపోయాడు. అక్కడి రాజు మూడో మాల్కమ్ 1070 ప్రాంతంలో ఎడ్గర్ తోబుట్టువు మార్గరెట్‌ని పెళ్లి చేసుకున్నాడు. వీళ్ల కూతురు మటిల్డాని 1100లో విలియం కొడుకు మొదటి హెన్రీ చేసుకున్నాడు. అన్న వేటలో బాణం తగిలి చనిపోగానే గద్దె లాక్కున్నవాడు హెన్రీ. పాత ఇంగ్లీషు రాజుల రక్తం ఉన్న భార్య అతనికి అవసరం. ఆ రక్తం అప్పటికి స్కాట్లాండ్ అంతఃపురంలో ఉంది. హెన్రీ అక్కడితో ఆగలేదు, పెళ్లికి బయట పుట్టిన తన కూతురు సిబిల్లాని భార్య తోబుట్టువు అలెగ్జాండర్‌కి ఇచ్చాడు. అంటే స్కాట్లాండ్ రాజు మొదటి అలెగ్జాండర్‌కి ఇంగ్లండ్ రాజు అటు బావ, ఇటు మామ.

హెన్రీకి పెళ్లి సంతానంగా పుట్టిన ఒక్కగానొక్క కొడుకు 1120లో ఓడ మునిగి చనిపోయాడు. మిగిలింది కూతురు మటిల్డా (తల్లి పేరే). 1135లో హెన్రీ పోగానే ఆమెకు మేనత్త కొడుకైన స్టీఫెన్ గద్దె పట్టేశాడు. అప్పటి స్కాట్లాండ్ రాజు మొదటి డేవిడ్ మటిల్డాకి సొంత మేనమామ. మేనకోడలి పక్షాన ఇంగ్లండ్ మీదికి సైన్యంతో దిగాడు. తమాషా ఏమిటంటే స్టీఫెన్ భార్య కూడా డేవిడ్‌కి మేనకోడలే, ఇంకో అక్కచెల్లెలి కూతురు. రెండు పక్షాల్లోనూ సొంతవాళ్లే ఉన్న యుద్ధం అది. చివరికి 1154లో మటిల్డా కొడుకు రెండో హెన్రీ రాజయ్యాడు. ప్లాంటాజెనెట్ వంశం అని రాసే గీత ఇక్కడే పడుతుంది. ఆ పేరు వెనక ఉన్నది తల్లి హక్కు, ఆ తల్లి వెనక స్కాట్లాండ్ అమ్మమ్మ.

తర్వాత వందేళ్లకి పైగా రెండు కుటుంబాలు పెళ్లిళ్లు చేసుకుంటూనే ఉన్నాయి. గొడవ ఒకటే. స్కాట్లాండ్ రాజులకి ఇంగ్లండ్‌లో జమీన్లు ఉండేవి, వాటి కోసం ఇంగ్లండ్ రాజు ముందు మోకాలు వంచేవాళ్లు. ఇంగ్లండ్ వాళ్లేమో ‘వంచింది మొత్తం రాజ్యానికి’ అనేవాళ్లు. 1251లో స్కాట్లాండ్ రాజు మూడో అలెగ్జాండర్ యార్క్‌లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ కూతురిని పెళ్లి చేసుకున్నప్పుడు, పెళ్లి సంబరం మధ్యలోనే మామగారు ఈ మాట ఎత్తారు. ‘నేను పెళ్లికి వచ్చాను, ఇలాంటి విషయాలు మా పెద్దలతో మాట్లాడకుండా చెప్పలేను’ అన్న అర్థం వచ్చేలా తప్పించుకున్నాడట పెళ్లికొడుకు. అప్పుడు ఆ పెళ్లికొడుకు వయసు పదేళ్లు.

ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1286 మార్చిలో ఒక తుఫాను రాత్రి గుర్రం మీద వెళుతూ పడి చనిపోయాడు. పిల్లలంతా అప్పటికే పోయారు. మిగిలింది నార్వేలో ఉన్న కూతురి కూతురు, చిన్నపిల్ల మార్గరెట్. ఆమెను ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్‌కి ఇవ్వాలని 1290లో బర్గమ్‌లో ఒప్పందం రాసుకున్నారు. రెండు దేశాలకీ ఒకే రాజు అన్న ఆలోచన 1603 కంటే మూడు వందల ఏళ్ల ముందే కాగితం మీదికి వచ్చిందన్నమాట. ఆ పాప అదే ఏడాది నార్వే నుంచి వస్తూ ఆర్క్‌నీ దీవుల్లో చనిపోయింది.

ఇక్కడ పంచాయితీ మొదలైంది. పదమూడు మంది ‘నేనే వారసుణ్ని’ అన్నారు. గట్టి హక్కు ఉన్నవాళ్లంతా ఒకే మనిషి సంతానం. హంటింగ్డన్ ఎర్ల్ (ప్రభువు) డేవిడ్ అని, స్కాట్లాండ్ పాత రాజు విలియంకి తమ్ముడు. అతని పెద్ద కూతురి మనవడు జాన్ బాలియోల్, రెండో కూతురి కొడుకు రాబర్ట్ బ్రూస్, మూడో కూతురి మనవడు జాన్ హేస్టింగ్స్. పెద్ద కూతురి శాఖ ముందా, తరంలో ఒక మెట్టు దగ్గరున్నవాడు ముందా అన్నది అసలు ప్రశ్న. హేస్టింగ్స్ అయితే రాజ్యాన్ని ఆస్తిలా మూడు వాటాలు వెయ్యమన్నాడు. తీర్పు చెప్పమని ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌ని పిలిచారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టైంది. ‘ముందు నన్ను మీ పై ప్రభువుగా ఒప్పుకోండి, తర్వాత తీర్పు’ అన్నాడాయన. 1292 నవంబరులో బెర్విక్‌లో బాలియోల్‌కి అనుకూలంగా తీర్పు వచ్చింది. వారసత్వ న్యాయం ప్రకారం చూస్తే అది సరైన తీర్పే అని నా అభిప్రాయం. పెద్ద కొమ్మకే హక్కు అన్న సూత్రం తర్వాత స్థిరపడింది కూడా. కానీ నాలుగేళ్లలో అదే ఎడ్వర్డ్ బాలియోల్‌ని దించేసి, స్కాట్ రాజుల పట్టాభిషేక శిలను స్కూన్ నుంచి వెస్ట్‌మినిస్టర్‌కి పట్టుకుపోయాడు.

1306లో ఆ బ్రూస్ మనవడు, పేరు మళ్లీ రాబర్ట్ బ్రూసే, తనే రాజునని ప్రకటించుకున్నాడు. 1314లో బానక్‌బర్న్ దగ్గర గెలిచాడు. 1328లో ఇంగ్లండ్ స్కాట్లాండ్‌ని స్వతంత్ర రాజ్యంగా ఒప్పుకుంది. ఆ సంధికి గుర్తుగా బ్రూస్ కొడుకు డేవిడ్‌కి ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ చెల్లెలు జోన్‌ని ఇచ్చి పెళ్లి చేశారు. వరుడికి నాలుగేళ్లు, వధువుకి ఏడు.

ఈ రెండో డేవిడ్ గురించి పుస్తకాల్లో ఒక పేరాకి మించి ఉండదు గానీ, మన ప్రశ్నకి ఇతను ముఖ్యం. 1346లో యుద్ధంలో దొరికిపోయి పదకొండేళ్లు ఇంగ్లండ్‌లో బందీగా ఉన్నాడు. విడుదలకి కట్టాల్సింది లక్ష మార్కులు (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క). అంత డబ్బు పుట్టక, పిల్లలూ లేక, 1364లో తన పార్లమెంటు ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు: నా తర్వాత ఇంగ్లండ్ రాజు కొడుకుని రాజుగా ఒప్పుకోండి, బాకీ రద్దవుతుంది. పార్లమెంటు కుదరదంది. వాళ్లు ఒప్పుకుని ఉంటే స్టువర్ట్‌ల మాటే వినేవాళ్లం కాదు.

ఎందుకంటే డేవిడ్ తర్వాత వరసలో ఉన్నది అతని అక్క కొడుకు. బ్రూస్ మొదటి భార్య కూతురు మార్జరీని వాల్టర్ అనే ఆయనకిచ్చారు. వాళ్లది తరతరాలుగా రాజు ఇంటి వ్యవహారాలు చూసే స్టీవార్డ్ ఉద్యోగం. ఉద్యోగం పేరే ఇంటిపేరై స్టువర్ట్‌ అయింది. మార్జరీ కొడుకు రాబర్ట్ తన మేనమామ డేవిడ్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. మేనమామ ఎప్పుడు పోతాడా అని ఎదురుచూసి 1371లో యాభై నాలుగో ఏట గద్దె ఎక్కాడు. అక్కడి నుంచి 1714 దాకా స్కాట్లాండ్‌లో స్టువర్ట్‌లే.

ఆ స్టువర్ట్‌ రాజుల అదృష్టం మాత్రం అంతంతే. మొదటి జేమ్స్ చిన్నప్పుడే ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కి పద్దెనిమిదేళ్లు అక్కడే గడిపి, ఇంగ్లండ్ రాజబంధువు జోన్ బోఫర్ట్‌ని పెళ్లాడి ఇంటికొచ్చి, 1437లో హత్యకి గురయ్యాడు. రెండో జేమ్స్ పక్కనే ఫిరంగి పేలి పోయాడు. మూడో జేమ్స్ సొంత కొడుకు పేరు మీద లేచిన తిరుగుబాటులో పోయాడు. ఆ కొడుకే నాలుగో జేమ్స్. అసలు కథకి మూలపురుషుడు ఇతనే.

1502లో ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ, అంటే మొదటి ట్యూడర్, స్కాట్లాండ్‌తో ‘శాశ్వత శాంతి’ ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఆగస్టులో పెద్ద కూతురు మార్గరెట్‌ని ఎడిన్‌బరోలో నాలుగో జేమ్స్‌కి ఇచ్చి పెళ్లి చేశాడు. ఆమెకి పదమూడు, అతనికి ముప్ఫై. మగసంతానం పోతే ఇంగ్లండ్ స్కాట్‌ల చేతికి పోతుంది కదా అని మంత్రులు అడిగితే, పెద్దదే చిన్నదాన్ని లాక్కుంటుంది తప్ప చిన్నది పెద్దదాన్ని లాగదు అని హెన్రీ అన్నాడని చెప్పుకుంటారు. తర్వాత జరిగింది చూస్తే ముసలాయన అంచనా మెచ్చుకోవాల్సిందే.

శాశ్వత శాంతి పదేళ్లు నిలిచింది. 1513లో ఫ్రాన్స్ పక్షం వహించి నాలుగో జేమ్స్, తన బావమరిది, ఎలిజబెత్‌కి తండ్రి అయిన ఎనిమిదో హెన్రీ రాజ్యం మీద దండెత్తి, ఫ్లాడెన్ దగ్గర చనిపోయాడు. ఆ ఇంగ్లీషు సైన్యాన్ని నడిపిన సర్రే ఎర్ల్, పదేళ్ల కిందట పెళ్లికూతురు మార్గరెట్‌ని వెంటబెట్టుకుని ఎడిన్‌బరోలో దించి వచ్చినవాడే.

మార్గరెట్ ఊరుకోలేదు. మరుసటి ఏడాదే డగ్లస్ కుటుంబంలో ఆంగస్ ఎర్ల్‌ని మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇక్కడ కాగితం మీద బొమ్మ గీసుకోండి. మొదటి మొగుడి కొడుకు ఐదో జేమ్స్, అతని కూతురు మేరీ, స్కాట్‌ల రాణి. రెండో మొగుడి కూతురు మార్గరెట్ డగ్లస్, ఆమె కొడుకు హెన్రీ డార్న్‌లీ. అంటే డార్న్‌లీ మేరీకి మేనత్త కొడుకు, వరసకి బావ. 1565లో వీళ్లిద్దరికీ పెళ్లయింది. మనకి మామూలు మేనరికమే, వాళ్లకి మాత్రం పోప్ అనుమతి కావాల్సిన దగ్గరి చుట్టరికం. మేరీ ఈ పెళ్లి చేసుకోవడంలో ప్రేమ ఎంతో నేను చెప్పలేను గానీ, లెక్క ఉందన్నది స్పష్టం. ఇంగ్లండ్ గద్దె మీద ఉన్న రెండు హక్కులు ఒకే ఇంట్లోకి వచ్చాయి. పైగా డార్న్‌లీ ఇంగ్లండ్‌లో పుట్టినవాడు. బయటి దేశంలో పుట్టినవాళ్లకి ఇంగ్లండ్‌లో భూమి వారసత్వంగా రాదన్న పాత నియమాన్ని మేరీ మీద ప్రయోగించొచ్చు, డార్న్‌లీ మీద కాదు. 1566లో పుట్టిన వాళ్ల కొడుకే జేమ్స్. మరుసటి ఏడాది డార్న్‌లీ హత్యకి గురయ్యాడు, మేరీని గద్దె దించారు, పదమూడు నెలల పిల్లవాడు ఆరో జేమ్స్ అయ్యాడు.

మేరీ ఇంగ్లండ్‌కి పారిపోయి పందొమ్మిదేళ్లు ఎలిజబెత్ బందీగా ఉండి, 1587 ఫిబ్రవరిలో ఫాదరింగే కోటలో శిరచ్ఛేదానికి గురైంది. వీళ్లని అక్కచెల్లెళ్లుగా చూపించడం సినిమాల అలవాటు. మేరీ తండ్రి ఎలిజబెత్‌కి మేనత్త కొడుకు, కాబట్టి మేరీ కూతురి వరస, జేమ్స్ మనవడి వరస.

ఇప్పుడు అసలు చిక్కు. చుట్టరికం ఇంత స్పష్టంగా ఉన్నా చట్టం జేమ్స్‌కి ఎదురుగా ఉంది. ఎనిమిదో హెన్రీకి పార్లమెంటు తన వీలునామా ద్వారా వారసుల్ని నిర్ణయించే అధికారం ఇచ్చింది. 1546 చివర్లో రాసిన వీలునామాలో ఆయన తన పిల్లల తర్వాత అక్క మార్గరెట్ సంతానాన్ని పూర్తిగా వదిలేసి, చెల్లెలు మేరీ సంతానానికి గద్దె రాశాడు. కొద్ది రోజులు రాణి అనిపించుకున్న జేన్ గ్రే వచ్చింది ఆ కొమ్మ నుంచే. ఆమె చెల్లెలు కేథరీన్ 1560లో రహస్యంగా పెళ్లి చేసుకుంటే ఎలిజబెత్ ఆమెని జైల్లో పెట్టించింది, ఆ పెళ్లి చెల్లదని తేల్చారు, దాంతో కొడుకుల హక్కు సందేహంలో పడింది. జేమ్స్‌కి సొంత బాబాయి కూతురు అర్బెల్లా ఇంకో పోటీదారు. ఆమె ఇంగ్లండ్‌లోనే పుట్టింది.

ఎలిజబెత్ వారసుడి పేరు చెప్పదు, ఎవర్నీ చెప్పనివ్వదు. ఈ విషయం ఎత్తినందుకు పార్లమెంటు సభ్యుడు పీటర్ వెంట్‌వర్త్‌ని 1593లో లండన్ టవర్‌లో పెడితే అక్కడే చనిపోయాడు. కానీ 1586 నుంచీ జేమ్స్‌కి ఏటా డబ్బు పంపుతూనే ఉంది. ఆఖరి రెండేళ్లలో ఆమె మంత్రి రాబర్ట్ సెసిల్ జేమ్స్‌తో రహస్యంగా ఉత్తరాలు నడిపి దారి సిద్ధం చేశాడు. జేమ్స్ ప్రొటెస్టెంట్, వయసొచ్చిన మగవాడు, రాజ్యం ఏలిన అనుభవం ఉంది, ఇద్దరు కొడుకులున్నారు. అర్బెల్లాకి గానీ, గ్రే కొమ్మకి గానీ ఇవన్నీ కలిసి లేవు. కాబట్టి వీలునామాని ఎవరూ కొట్టెయ్యలేదు, పక్కన పెట్టేశారంతే. 1603 మార్చి 24న రిచ్‌మండ్‌లో ఎలిజబెత్ చనిపోయింది. ఆమె ఆస్థానంలోని రాబర్ట్ కేరీ గుర్రాలు మారుస్తూ మూడు రోజుల్లో ఎడిన్‌బరో చేరి వార్త చెప్పాడు. మరుసటి ఏడాది పార్లమెంటు జేమ్స్‌ది పుట్టుకతో వచ్చిన హక్కేనని చట్టం చేసింది. గద్దె ఎక్కాక చట్టం వచ్చిందన్నమాట.

చాలామంది 1603లోనే రెండు దేశాలు ఒకటయ్యాయి అనుకుంటారు. కాదు. రాజు ఒక్కడే, రాజ్యాలు రెండు. పార్లమెంటులు వేరు, చట్టాలు వేరు, చర్చిలు వేరు. జేమ్స్ అక్కడ ఆరో జేమ్స్, ఇక్కడ మొదటి జేమ్స్. ఇరవై రెండేళ్లలో పుట్టిన దేశానికి వెళ్లింది ఒక్కసారి, 1617లో. మన మచిలీపట్నంలో 1611లో కొట్టు తెరిచిన ఈస్టిండియా కంపెనీ మన దగ్గరికి ఈయన హయాంలోనే వచ్చింది. రాజు స్కాట్ అయినా ఆ కంపెనీ మాత్రం ఇంగ్లీషుదే.

రెండు రాజ్యాలన్న సంగతి 1649లో బాగా బయటపడింది. ఇంగ్లీషువాళ్లు జేమ్స్ కొడుకు మొదటి చార్లెస్‌కి మరణశిక్ష వేసి రాచరికమే వద్దన్నారు. మమ్మల్ని అడక్కుండా మా రాజుని చంపుతారా అని స్కాట్‌లు వెంటనే అతని కొడుకుని రాజుగా ప్రకటించారు, 1651 జనవరి 1న స్కూన్‌లో పట్టం కట్టారు. స్కాట్లాండ్‌లో జరిగిన ఆఖరి పట్టాభిషేకం అదే. లండన్ అతన్ని 1660లో గానీ పిలవలేదు.

1688లో అతని తమ్ముడు, కేథలిక్ అయిన రెండో జేమ్స్‌ని (స్కాట్లాండ్ లెక్కలో ఏడో జేమ్స్) తరిమేసి గద్దె ఎక్కిన విలియం, మేరీలదీ మేనరికమే. మేరీ జేమ్స్ కూతురు, విలియం జేమ్స్ సొంత అక్క కొడుకు. మేనమామే పిల్లనిచ్చిన మామ, దించిందీ ఆయన్నే. తర్వాత మేరీ చెల్లెలు ఆన్. ఆమెకి మిగిలిన ఒక్క కొడుకు 1700లో పదకొండేళ్లకే చనిపోయాడు. దగ్గరి బంధువులు చాలామంది కేథలిక్‌లు. 1701లో ఇంగ్లండ్ పార్లమెంటు కేథలిక్‌లు పనికిరారని చట్టం చేసి, యాభై మందికి పైగా దాటుకుంటూ వెళ్లి, మొదటి జేమ్స్ కూతురి కూతురైన హానోవర్ సోఫియా దగ్గర ఆగింది. కాబట్టి హానోవర్లు జర్మన్లే గానీ పరాయివాళ్లు కాదు. 1714లో వచ్చిన మొదటి జార్జ్, మొదటి జేమ్స్‌కి మునిమనవడు. సోఫియా ఆ ఏడాది జూన్‌లో, ఆన్ ఆగస్టు 1న పోయారు. ఇంకో రెండు నెలలు బతికుంటే సోఫియా రాణి అయ్యేది.

1701 చట్టం ఇంగ్లండ్‌ది మాత్రమే. స్కాట్లాండ్ పార్లమెంటు, మా రాజుని మేం వేరుగా ఎంచుకోగలం అని 1704లో చట్టం తెచ్చింది. లండన్‌కి టెన్షన్ పట్టుకుంది. అలా అయితే స్కాట్‌లని పరదేశీయులుగా చూస్తాం, సరుకు రానివ్వం అని మరుసటి ఏడాది బదులు చట్టం చేసింది. అప్పటికే పనామా ఒడ్డున డేరియన్ వలస పథకంలో స్కాట్‌లు బోలెడు డబ్బు పోగొట్టుకుని ఉన్నారు. బేరం కుదిరి 1707 మే 1న రెండు పార్లమెంటులు ఒకటయ్యాయి. ‘ఒకే దేశం’ అన్న మాట అప్పటి నుంచి వాడాలి. తరిమేసిన జేమ్స్ కొడుకు, మనవడు 1715లో, 1745లో తిరుగుబాట్లు చేశారు, 1746లో కలోడెన్ యుద్ధంలో ఓటమితో ఆ ఆశ పోయింది. ఆ శాఖలో ఆఖరివాడు కార్డినల్‌గా 1807లో ఇటలీలో చనిపోయాడు.

‘ఇప్పటి రాజుకి స్కాట్లాండ్‌తో సంబంధం ఉందా?’ అని కూడా అడుగుతుంటారు. హానోవర్ల ద్వారా స్టువర్ట్‌ రక్తం ఎలాగూ ఉంది. అది కాక మూడో చార్లెస్ అమ్మమ్మ పుట్టిన బోజ్-లయన్ కుటుంబం స్కాట్లాండ్‌ది, రెండో రాబర్ట్ (1371లో గద్దె ఎక్కిన మార్జరీ కొడుకు) కూతురిని చేసుకున్న జాన్ లయన్ వంశం.

సంఖ్యల గొడవ ఇప్పటికీ తీరలేదు. 1952లో రాణి ‘రెండో’ ఎలిజబెత్ అన్నప్పుడు, మాకు మొదటి ఎలిజబెత్ ఎప్పుడుందని స్కాట్‌లు అడిగారు. ఎడిన్‌బరోలో ఆ గుర్తున్న పోస్టు డబ్బాని పేల్చేశారు. కోర్టులో కేసు ఓడిపోయారు గానీ, స్కాట్లాండ్ పోస్టు డబ్బాల మీద ఆ సంఖ్య తీసేసి స్కాట్ కిరీటం గుర్తు వేశారు. అప్పటి ప్రధాని చర్చిల్, రెండు దేశాల లెక్కల్లో ఏది పెద్దదైతే ఆ సంఖ్య వాడితే సరిపోతుందన్నాడు. ఆ లెక్కన రేపెవరైనా జేమ్స్ పేరుతో రాజైతే, లండన్‌లో కూడా ఎనిమిదో జేమ్స్ అనే పిలవాలి.